బ్లూస్ సామ్రాజ్ఞి బెస్సీ స్మిత్

బెస్సీ స్మిత్ పేరు విన్నవారిలో పెక్కుమందికి ఆమె పాటకంటె ఆమె మరణమే ఎక్కువగా తెలుసును. 1937 సెప్టెంబరులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో కారు ప్రమాదానికి గురియైన ఆ నల్లజాతి గాయనిని తెల్లవారి ఆసుపత్రిలో చేర్చుకొనలేదనీ, వైద్యం అందక నెత్తురు ఓడి ఆమె ప్రాణం విడిచినదనీ ఒక కథ ప్రచారంలోకి వచ్చినది. అది పత్రికలో అచ్చయినది, నాటకమై రంగమెక్కినది, రెండు తరాలవారు దానిని నమ్మినారు. కథ నిజం కాదు. అట్లని ఆమెకు అన్యాయం జరుగలేదనుకొనరాదు. జరిగిన అన్యాయం వేరు. అది కాగితంమీద, సంతకాలతో, చట్టం కన్నులయెదుటనే, ఏండ్ల తరబడి జరిగినది. కంట తడి పెట్టించే గుణం దానికి లేదు గనుక దానిని ఎవరూ నాటకంగా వ్రాయలేదు.

టెన్నెసీ నది ఒడ్డున చట్టనూగ అనే పట్టణం ఉన్నది. రైలు మార్గాలు కలిసే చోటు; ఇనుప కార్ఖానాల చోటు. ఆ ఊరిలో బ్లూ గూస్ హాలో అనే పేదల వాడలో బెస్సీ పుట్టినది. ఆమె వివాహపత్రంలో 1894 ఏప్రిల్ 15 అని జన్మదినం వ్రాసి ఉన్నది. 1900 నాటి జనాభా లెక్కల పుస్తకం 1892 అంటున్నది. పేద నల్లవారి ఇంట బిడ్డ పుట్టిన తేదీని నమోదు చేయడం ఆ రోజులలో అక్కడి అధికారులకు అవసరమని తోచలేదు. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పది ఏండ్లే అయినది. తెల్లవారికీ నల్లవారికీ రైలుపెట్టెలు వేరు వేరుగా ఉంచడంలో తప్పు లేదని అమెరికా అత్యున్నత న్యాయస్థానం 1896లో తీర్పు చెప్పినది. బడి, ఆసుపత్రి, నాటకశాల, శ్మశానం, అన్నీ ఆ బాటనే నడచినవి.

తండ్రి విలియం స్మిత్ కూలివాడు; తీరిక వేళలలో బాప్టిస్టు బోధకుడు. ఆయన ముఖం గుర్తుండే వయసు రాకముందే బెస్సీ తండ్రిని కోల్పోయినది. తొమ్మిదేండ్ల ప్రాయం వచ్చేసరికి తల్లి లారా కూడ పోయినది. పెద్దక్క వయోలా సంసారభారం నెత్తిన వేసుకొన్నది. బెస్సీ తన సోదరుడు ఆండ్రూను వెంటబెట్టుకొని వీధిలోకి వచ్చినది. అతడు గిటారు మీటేవాడు. ఆమె పాడేది, ఆడేది. సారాయి దుకాణం ముందు, మనుషులు గుమికూడే మూలమీద, దారిన పోయేవారు విసరే చిల్లర నాణెములే ఆమె మొదటి జీతం. కచేరి మధ్యలో లేచిపోయే శ్రోతను ఆపడం ఎంత కష్టమో పాటగాండ్రందరికీ తెలుసును. అసలు కూర్చొననే లేదు, నడిచిపోతున్నాడు, అటువంటి శ్రోతను ఆపడం నేర్చిన గొంతు ఆమెది.

అన్న క్లారెన్స్ అంతకు ముందే, 1904లో, ఒక సంచార నాటక బృందంతో వెళ్ళిపోయినాడు. 1912లో ఆ బృందం చట్టనూగకు వచ్చినప్పుడు అతడే చెల్లెలిని యజమానుల ముందు నిలిపినాడు. వారామెను తీసుకొన్నారు, కాని పాటకు కాదు, నాట్యానికి. పాటకు మా రేనీ అనే గాయని ఆ బృందంలో అప్పటికే ఉన్నది. నల్లజాతివారు తరువాత ‘బ్లూస్ తల్లి’ అని పిలుచుకొన్న మహాగాయని ఆమె. ఆమెయే బెస్సీని బాల్యంలో ఎత్తుకొనిపోయి పాట నేర్పినదని ఇంకొక కట్టుకథ కలదు. బెస్సీ చుట్టూ కథలకు కొదువ లేదు. నేర్చినది నేర్పినది ఎంతో చెప్పలేము గాని, పెద్ద గాయని పక్కన నిలిచి ప్రతిరాత్రి వినడమే ఒక చదువు. ఆపైన అట్లాంటా నగరంలో ‘81’ అనే నాటకశాల ఆమెకు స్థావరమైనది. దక్షిణ రాష్ట్రాలలో నల్ల ప్రేక్షకుల నాటకశాలలకు నటులను కుదిర్చే సంఘం 1920 ప్రాంతంలో ఏర్పడినది. దాని పేరులోని పొడి అక్షరాలకు ‘నల్ల కళాకారులకు కష్టకాలం’ అనే అర్థం వచ్చేటట్లు నటులు వేరే వ్యాఖ్య చెప్పుకొని నవ్వుకొనేవారు.

ఇక బ్లూస్ అనగానేమో చెప్పవలసి ఉన్నది. ఇంగ్లీషులో నీలిరంగును చెప్పే మాటకు దిగులు అనే అర్థం కూడ కలదు. పత్తిచేలలోను, రైలుకట్టల మీదను నల్లవారు పాడుకొనే పనిపాటలనుంచి, వారి చర్చి కీర్తనలనుంచి, పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినాలలో రూపు కట్టిన పాట ఇది. నాలుగేసి మాత్రల ఆవర్తాలు పన్నెండు. అందులో మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండవసారి పాడతారు. మూడవది ఆ రెండింటికి జవాబు. పాదం చివర గొంతు ఆగగానే పియానోయో కార్నెట్టో మాట అందుకొంటుంది. స్వరాల సంగతి మన పరిభాషలో చెప్పవలెనంటే, గాంధారాన్ని సాధారణ గాంధారంలోను నిలపరు, అంతర గాంధారంలోను నిలపరు. రెండింటి నడుమ జార్చుతారు, ఊగించుతారు. నిషాదం గతి కూడ అంతే. పియానో మెట్లమీద ఆ స్థానం లేదు, గొంతులో ఉన్నది. అందువలన పాశ్చాత్య సంగీతం చదివిన పండితులకు మొదట అది అపస్వరంగా వినిపించినది. గమకం ఎరిగిన మన చెవికి అందులో వింత తోచదు.

బెస్సీ స్వరపరిధి పెద్దది కాదు. పాట మొత్తాన్ని నాలుగైదు స్వరాల చుట్టూనే తిప్పగలదు. ఆమె శక్తి అంతా మాటను పట్టుకొనే తీరులో ఉన్నది. ఒక మాటకు ముందు లిప్తకాలం ఆగడం, ఎవరూ లెక్కపెట్టని చిన్న మాటమీద బరువు వేయడం, పాదం చివరి అక్షరాన్ని విరిచి కిందికి దించడం, ఇవి ఆమె విద్యలు. మొదటిసారి పాడిన పాదాన్ని రెండవసారి అదే అర్థంతో పాడదు. మొదట చెప్పినది వార్త. రెండవసారి చెప్పినది తన గతి. అక్షరం ఒక్కటి కూడ మింగదు. మైకులు లేని రోజులలో మన రంగస్థల నటులు పద్యాన్ని చివరి బల్లమీద కూర్చున్నవానికి వినిపించేటట్లు పాడినారని పెద్దలు చెప్పగా విన్నాము గదా. బెస్సీది ఆ జాతి గొంతు. గుడారంలో వేలమంది ఉన్నప్పటికీ మైకు అవసరం లేకుండ పాడినది.

1920 ఆగస్టులో మామీ స్మిత్ అనే గాయని ‘క్రేజీ బ్లూస్’ అనే రికార్డు ఇచ్చినది. ఆమె బెస్సీకి బంధువు కాదు; ఇంటిపేరు మాత్రమే కలిసినది. నల్లజాతి గాయని ఒకతె బ్లూస్ పాడగా రికార్డు చేయడం అదే మొదలు. అది వేలకు వేలుగా అమ్ముడుపోయినది. నల్లవారు గ్రామఫోను రికార్డులు కొనరని అంతవరకు నమ్మిన కంపెనీలు మేలుకొన్నవి. ‘జాతి రికార్డులు’ అనే పేరుతో వేరే జాబితాలు అచ్చువేసి, నల్లవారి పేటలలో దుకాణాలు వెదకినవి. ఐనను బెస్సీకి వెంటనే పిలుపు రాలేదు. రెండు మూడు కంపెనీలు ఆమె గొంతు విని మోటుగా ఉన్నదని త్రోసిపుచ్చినవి. అందులో విచారించదగినది బ్లాక్ స్వాన్ కంపెనీ. నల్లవారే నల్లవారి కొరకు 1921లో న్యూయార్కులో స్థాపించుకొన్న సంస్థ అది. జాతి గౌరవం పెంచే సంగీతం కావలెనని దాని ఆశయం. మెత్తగా, సొగసుగా పాడే ఎథెల్ వాటర్స్‌ను చేర్చుకొని బెస్సీని వదలుకొన్నది. చదువుకొన్నవారు తమ ఇంటి యాసను చూచి సిగ్గుపడడం ఏ దేశంలోనైనా ఉన్నదే. అయిదేండ్ల తరువాత, 1926లో, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఒక వ్యాసంలో తన జాతి మేధావులను ఎత్తిపొడుస్తూ, బెస్సీ స్మిత్ గర్జన వారి మూసుకొన్న చెవులలోకి దూరవలెనని వ్రాసినాడు.

1923 ఫిబ్రవరి 15వ తేదీన న్యూయార్కులో కొలంబియా కంపెనీ గదిలో ఆమె నిలిచినది. నాటి పద్ధతిలో విద్యుత్తు లేదు. గోడలోనుంచి ఒక పెద్ద బూర ముఖం బయటకు ఉండేది. గాయకులు దానిలోనికి పాడవలెను. ఆ శబ్దపు ఒత్తిడికే అవతలి గదిలో సూది కదిలి మైనపు పళ్ళెంమీద గాడి గీసేది. గొంతులో బలం లేనివారికి అక్కడ చోటు లేదు. మొదటి రోజు ప్రయత్నాలేవీ పనికిరాలేదు. మరునాడు, 16వ తేదీన, ‘డౌన్ హార్టెడ్ బ్లూస్’ కుదిరినది. పియానో వాయించినవాడు క్లారెన్స్ విలియమ్స్. ఆ పాటను కట్టినవారు అల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్ అనే ఇద్దరు స్త్రీలు. హంటర్ తానే దానిని అంతకు ముందు వేరొక కంపెనీకి పాడి ఉన్నది. పాత పాటయే. కాని బెస్సీ రికార్డు బయటకు రాగానే జనం దుకాణాలముందు బారులు తీరినారు. ఆరు మాసాలలో 7,80,000 ప్రతులు అమ్ముడైనవని ప్రతీతి.

ఇక్కడ మనం ఆ కాగితం దగ్గరికి రావలెను. క్లారెన్స్ విలియమ్స్ పియానో వాయించడమే కాక, బెస్సీకి మధ్యవర్తిగా కూడ వ్యవహరించినాడు. ముఖానికి 125 డాలర్లు. అందులో సగం అతని జేబులోనికి పోయేటట్లు ఏర్పాటు. సంగతి తెలిసిన బెస్సీ, ఆమెను పెండ్లాడబోయే జాక్ గీ, ఇద్దరును కలిసి అతని కార్యాలయానికి వెళ్ళి గట్టిగా నిలదీసి ఆ ఏర్పాటును రద్దు చేయించినారు. పిమ్మట కొలంబియా అధికారి ఫ్రాంక్ వాకర్ ఆమెతో నేరుగా ఒప్పందం వ్రాయించినాడు. పనికివచ్చిన ప్రతి ముఖానికి 125 డాలర్లు. ఏడాదికి కనీసం 1,500 డాలర్లు హామీ. వీధిలో చిల్లర ఏరుకొన్న పిల్లకు అది పెద్ద మొత్తం. కాని ఆ ఒప్పందంలో రాయల్టీ అనేది లేదు. అనగా, రికార్డు వంద అమ్మినా, లక్షలు అమ్మినా, పాటకత్తెకు ముట్టేది ఆ 125 డాలర్లే.

లెక్క పిల్లలుకూడ వేయగలరు. రికార్డు వెల 75 సెంట్లు. 7,80,000 ప్రతులకు 5,85,000 డాలర్లు. ఆ రికార్డు రెండు ముఖాలకూ గాయని వాటా, 125 చొప్పున, 250 డాలర్లు. తరువాతి సంవత్సరాలలో ముఖానికి ఇచ్చే మొత్తం 200 వరకు పెరిగినది. పద్ధతి మాత్రం మారలేదు. 1923 మొదలు 1933 వరకు ఆమె పాడినవి 160 ముఖాలు. ఇది వాకర్ ఒక్కని దుర్మార్గం అనడం న్యాయం కాదు. నల్ల గాయకుల విషయంలో నాటి వ్యాపార రివాజే అది. ఆయన ఆమెను ఆదరించినాడు, ఆమెయు ఆయనను నమ్మినది. నమ్మకం ఉన్నచోట మనిషి కాగితం చదువడు. పైగా బెస్సీ దృష్టిలో రికార్డు అనేది ప్రకటన పత్రం వంటిది. అసలు సంపాదన గుడారంలో ఉన్నదని ఆమె భావించినది.

ఆ భావన ఆనాటికి తప్పు కాదు. 1920ల నడిమి సంవత్సరాలలో ఆమె వారానికి 2,000 డాలర్ల వరకు ఆర్జించినది. నల్లజాతి కళాకారులలో అంతటి ప్రతిఫలం పొందినవారు ఆ కాలంలో వేరొకరు లేరు. ‘బ్లూస్ సామ్రాజ్ఞి’ అనే బిరుదు అప్పటిదే. 1925లో ఆమె తన బృందం కొరకు ఒక రైలుపెట్టెనే ప్రత్యేకంగా చేయించుకొన్నది. 78 అడుగుల పొడవు, పసుపుపచ్చని రంగు, ఆకుపచ్చని అక్షరాలు. పడక గదులు, వంటగది, గుడారం మడిచి పెట్టే చోటు, అన్నీ అందులోనే. దీనిని ఆడంబరమని ఎవరైనా అనుకొనవచ్చును. దక్షిణ రాష్ట్రాలలో హోటలులో గది ఇచ్చేవాడు లేడు, ఫలహారశాలలో కూర్చొననిచ్చేవాడు లేడు. ఊరికి పోయిన ప్రతిసారీ నలబైమందికి తలదాచుకొనే చోటు వెదకవలెను. ఆ పెట్టె ఆమెకు నగ కాదు, గొడుగు.

1927 జులైలో ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరిలో ప్రదర్శన జరుగుతున్నది. రాత్రి వేళ. గుడారం వెనుక తెల్లని ముసుగులు వేసుకొన్న మనుషులు కొందరు గుంజలు పెరకసాగినారు. వారు కూ క్లక్స్ క్లాన్ వారు. నల్లవారిని చంపడమే వ్రతంగా పెట్టుకొన్న ముఠా. గుడారం కూలితే లోపలనున్న జనం నలిగిపోతారు. బృందంలోని మగవారు విషయం తెలిసి వెనుకకు తగ్గినారు. బెస్సీ ఒంటరిగా వారి ఎదుటికి నడిచి, పిడికిలి ఎత్తి, అచ్చువేయదగని మాటలతో తిట్టి, గుడారంలోని జనాన్నంతా బయటకు పిలుస్తానని బెదిరించినది. ముసుగు మనుషులు నిర్ఘాంతపోయి చూచి, చీకటిలోకి జారుకొన్నారు. ఆమె తన మనుషులను కూడ నాలుగు చీవాట్లు పెట్టి, లోపలికి వెళ్ళి మిగిలిన పాట పాడినది.

ఆమెను దేవతగా నిలబెట్టవలసిన పని లేదు. త్రాగుడు ఎక్కువ, కోపం వస్తే చేయి చేసుకొనేది, డబ్బు చేతిలో నిలువనిచ్చేది కాదు. 1923 జూన్‌లో జాక్ గీతో జరిగిన పెండ్లి ఆరేండ్లు కలహాలతోనే నడిచినది. తన డబ్బుతోనే అతడు మరొక గాయనికి ప్రదర్శన ఏర్పాటు చేసినాడని తెలిసి 1929లో తెగతెంపులు చేసుకొన్నది. మరొకవైపు, చట్టనూగలోని అక్కచెల్లెండ్రను వారి బిడ్డలతో సహా ఫిలడెల్ఫియాకు రప్పించి పోషించినది. ఒక బాలుని పెంచుకొని తన భర్త పేరే పెట్టుకొన్నది. సంపన్నులైన తెల్లవారి విందులకు ఆహ్వానం వచ్చినప్పుడు పొంగిపోయేది కాదు. అటువంటి ఒక విందులో గృహిణి వీడ్కోలుగా కౌగిలించుకొనబోతే, సామ్రాజ్ఞి ఆమెను కిందికి త్రోసిన సంగతి న్యూయార్కులో చాలకాలం చెప్పుకొన్నారు.

పాటల విషయానికి మరలి వద్దాము. 1925 జనవరి 14న ఆమె పాడిన ‘సెయింట్ లూయీ బ్లూస్’ను వినకుండ జాజ్ చరిత్ర చదివినానని అనరాదు. పాట హాండీ అనే స్వరకర్తది, 1914 నాటిది. పక్కన ఇరువురే వాద్యకారులు. ఒకడు హార్మోనియం పట్టిన ఫ్రెడ్ లాంగ్‌షా. ఆ హార్మోనియం కాలితో తొక్కేది, చర్చిలలో వాడేది. మన పౌరాణిక నాటకాల పెట్టెకు దగ్గర చుట్టం. రెండవవాడు కార్నెట్ ఊదిన లూయీ ఆమ్‌స్ట్రాంగ్. అప్పటికి ఆయనకు ఇరవైమూడేండ్లు; ప్రపంచం ఇంకా ఎరుగదు. ఆమె ఒక పాదం పాడి ఆగుతుంది. ఆయన దానికి సమాధానం ఊదుతాడు. ఆమె స్వరం భారంగా, తొందర లేకుండ నడుస్తుంది; ఆయన స్వరం దాని చుట్టూ తిరుగుతుంది. మూడు నిమిషాల ముచ్చట. ఇద్దరు మహానుభావుల సంభాషణను చాటునుండి వింటున్నట్లే ఉంటుంది.

అదే సంవత్సరం మేలో విద్యుత్తుతో రికార్డు చేసే కొత్త పద్ధతి కొలంబియాకు వచ్చినది. ధ్వని చెదరకుండ ఉండేందుకు ఇంజనీర్లు గది నడుమ పెద్ద గుడారం ఒకటి వేలాడదీసి బెస్సీని, వాద్యకారులను అందులో కూర్చొనబెట్టినారట. పని సాగుతుండగా అది కాస్తా అందరి నెత్తిన కూలినది. గుడారాలలో బ్రతికిన మనిషికి నగరంలోకూడ గుడారం తప్పలేదు.

ఆమె సొంతంగా కట్టిన పాటలలో రెండింటిని తప్పక చెప్పవలెను. మొదటిది ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’. 1926 చివర నాష్‌విల్ నగరాన్ని కంబర్లాండ్ నది ముంచినది. ఆ వరద నేపథ్యంగా ఆమె ఆ పాట కట్టి, 1927 ఫిబ్రవరి 17న జేమ్స్ పి. జాన్సన్ పియానోతో పాడినది. రెండు నెలలు గడిచీ గడువకముందే మిసిసిపీ నది గట్లు తెగి లక్షలాది జనం నిరాశ్రయులైనారు. వారిలో నల్లవారే ఎక్కువ. అప్పటికి ఆ రికార్డు దుకాణాలలో ఉన్నది. తమ గోడు ముందుగానే పాడిన గొంతుగా జనం దానిని కొనుక్కొన్నారు. ఇల్లు నీట మునిగి, గుట్టమీద నిలిచి కిందికి చూచుకొనే మనిషి మాటలు అవి; గోదావరి వరదలు ఎరిగిన మనకు వ్యాఖ్యానం అక్కరలేదు. రెండవది 1928లో పాడిన ‘పూర్ మాన్స్ బ్లూస్’. ధనవంతుని ముఖాముఖిగా నిలదీసే పాట. యుద్ధంలో పోరాడినది పేదవాడే గదా అని అడిగే పాట. బ్లూస్ అంటే ప్రియుడు విడిచిపోయిన ఏడుపు మాత్రమే అనుకొనేవారు దీనిని వినవలెను.

1929 మే 15న ఆమె పాడిన మరొక పాట, చేతిలో కాసు లేనినాడు చెలిమికాడు కూడ ఉండడని చెప్పేది. పాట పాతది, జిమ్మీ కాక్స్ కట్టినది. ఆ అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కుప్పకూలి దేశం దరిద్రంలో పడినది. పాట భవిష్యత్తు చెప్పినదని జనం ఆశ్చర్యపడినారు. దేశానికి చెప్పినదో లేదో గాని, పాడినదానికి చెప్పినది. అప్పటికే రేడియో ఇంటింటికి వచ్చినది. మాటలాడే సినిమా నాటకశాలలను మూయించినది. బ్లూస్ పోయి వేగమైన నృత్యసంగీతం రుచించసాగినది. రికార్డులు అమ్ముడుపోలేదు. 1931లో కొలంబియా ఆమెను వదలుకొన్నది. 1929లో తీసిన ‘సెయింట్ లూయీ బ్లూస్’ అనే పొట్టి చిత్రంలో ఆమె నటించినది. ఆమె కదలడం, పాడడం మనం కన్నులతో చూడగలిగేది ఆ పదహారు నిమిషాలలోనే.

1933 నవంబరు 24న, జాన్ హామండ్ అనే ధనిక యువకుడు, సంగీతాభిమాని, ఆమెను మరల రికార్డు గదికి పిలిపించినాడు. నాలుగు పాటలు. ముఖానికి 37 డాలర్ల 50 సెంట్లు. దిగులు పాటలు వద్దు, హుషారైనవి కావలెనని ఆమెయే కోరినది. అవే ఆమె చివరి రికార్డులు. మూడు దినాల తరువాత అదే హామండ్ పిలుపున, పద్దెనిమిదేండ్ల బిల్లీ హాలిడే తన మొదటి పాట రికార్డు చేసినది.

ఆమె పని పూర్తిగా ముగిసినదనడం కూడ సరికాదు. కొత్త పాటలు నేర్చినది, వేషం మార్చినది, 1936లో న్యూయార్కులో ఒక పేరున్న విలాసశాలలో, బిల్లీ హాలిడే జబ్బుపడగా, ఆమె స్థానంలో పాడి మెప్పు పొందినది. మళ్ళీ రోజులు వస్తున్నవని అనుకొంటున్న సమయంలో, 1937 సెప్టెంబరు 26 తెల్లవారకముందు, మెంఫిస్ నుంచి దక్షిణంగా పోయే 61వ నంబరు రహదారిమీద ప్రమాదం జరిగినది. కారు నడుపుతున్నవాడు ఆమె సహచరుడు రిచర్డ్ మోర్గన్. ముందు మెల్లగా పోతున్న లారీని కారు ఢీకొన్నది. బెస్సీ కుడిచేయి మోచేతి దగ్గర దాదాపు తెగిపోయినది.

కొద్ది నిమిషాలలో అటు వచ్చినవాడు హ్యూ స్మిత్ అనే తెల్లజాతి శస్త్రవైద్యుడు; మిత్రునితో చేపల వేటకు పోతున్నాడు. ఆయన రోడ్డుమీదనే కట్టు కట్టి నెత్తురు ఆపే యత్నం చేసినాడు. అంతలో మరొక కారు వచ్చి డాక్టరు కారునే గుద్దినది. చివరకు ఆంబులెన్సు ఆమెను క్లార్క్స్‌డేల్ పట్టణంలో నల్లవారి ఆసుపత్రికి చేర్చినది. అక్కడ చేయి తీసివేసినారు. ఉదయం పదకొండున్నరకు ఆమె కన్నుమూసినది. తెల్లవారి ఆసుపత్రికి ఆమెను తీసుకొనిపోనే లేదు. కాదనే ప్రసక్తి రాలేదు. డాక్టరు స్మిత్ తరువాత చెప్పిన మాట ఒకటి ఉన్నది. ఆనాటి మిసిసిపీలో నల్లవారిని తెల్లవారి ఆసుపత్రికి తీసుకొనిపోవలెనన్న ఆలోచన ఏ ఆంబులెన్సు వానికీ కలుగదని ఆయన అన్నాడు. రెండు ఆసుపత్రుల నడుమ అరమైలు కూడ లేదు. తలుపు మూయవలసిన పనే లేకుండ పోయిన ఆ ఏర్పాటు, మూసిన తలుపు కథకంటె భయంకరమని నాకు తోచుతుంది.

ఆ కథను అచ్చు వేసినవాడు హామండే. నవంబరు నాటి ‘డౌన్ బీట్’ పత్రికలో, విన్న మాట ఆధారంగా, ఆమె వైద్యం అందక చనిపోయినదా అని ప్రశ్నించుతూ వ్యాసం వ్రాసినాడు. ఆ వ్యాసం చివరనే, ఆమె స్మారకంగా రికార్డుల సంపుటం రాబోతున్నదనీ, అంతకంటె కొనదగినది లేదనీ సిఫారసు కూడ ఉన్నది. వదంతి మీద ఆధారపడి వ్రాసినట్లు తరువాత ఆయన ఒప్పుకొన్నాడు. కాని కథ అప్పటికే చేయి దాటినది. ఎడ్వర్డ్ ఆల్బీ ‘బెస్సీ స్మిత్ మరణం’ అనే నాటకం వ్రాసినాడు. 1960లో బెర్లినులో దానిని మొదట ప్రదర్శించినారు. చిత్రమేమనగా, ఆ నాటకంలో బెస్సీ ఒక్కసారికూడ రంగంమీదికి రాదు.

1937 అక్టోబరు 4న ఫిలడెల్ఫియాలో అంత్యక్రియలు జరిగినవి. కడసారి చూపునకు సుమారు పదివేలమంది వచ్చినారని నాటి అంచనా. నగరం వెలుపల మౌంట్ లాన్ శ్మశానంలో పాతిపెట్టినారు. సమాధిమీద రాయి పెట్టినవారు లేరు. ఒక ఏడు కాదు, రెండేండ్లు కాదు, ముప్పదిమూడు సంవత్సరాలు ఆ చోట గడ్డి మాత్రమే మొలిచినది. ఆ సమయంలో కొలంబియావారు ఆమె పాటలను కొత్త ముద్రణలుగా వేస్తూనే ఉన్నారు. అభిమానులు కొంటూనే ఉన్నారు. 1970 ఆగస్టులో రాయి పడినది. దానికి డబ్బు ఇచ్చినవారు ఇద్దరు. ఒకరు జువానిటా గ్రీన్. చిన్నతనంలో బెస్సీ ఇంటిలో పనిచేసిన నల్లజాతి స్త్రీ. రెండవవారు జానిస్ జాప్లిన్. బెస్సీ రికార్డులు విని పాట నేర్చిన తెల్లజాతి గాయని. ఆ రాయి వేసిన రెండు నెలలకే, అక్టోబరు 4వ తేదీన, ఇరవైయేడేండ్ల వయసులో జాప్లిన్ మరణించినది. బెస్సీని పూడ్చిన తేదీ కూడ అదే.

ఆ ఏడు మొదలుకొని 1972 వరకు కొలంబియావారు బెస్సీ పాడిన 160 పాటలనూ పది లాంగ్ ప్లే రికార్డులుగా తిరిగి వెలువరించినారు. క్రిస్ ఆల్బర్ట్‌సన్ వ్రాసిన ఆమె జీవితచరిత్ర కూడ 1972లోనే వచ్చినది. ఆసుపత్రి కథను డాక్టరు సాక్ష్యంతో తోసివేసినది ఆ పుస్తకమే. ఆ దశకంలోనే బెస్సీ పెంపుడు కుమారుడు జాక్ గీ జూనియర్, పాత ఒప్పందాలు అన్యాయమైనవనీ, తన తల్లికి రావలసిన వాటా ఇప్పించవలెననీ, కొలంబియా యాజమాన్యంమీద ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేసినాడు. జాతి వివక్షవల్లనే ఆమెకు రాయల్టీ ఇవ్వలేదని ఆయన వాదం. 1979లో ఫిలడెల్ఫియాలో తీర్పు వెలువడినది. కాలదోషం పట్టినదని దావాను కొట్టివేసినారు. అప్పటికి ఆ పది రికార్డులూ దుకాణాలలో దొరుకుతూనే ఉన్నవి.